అత్త వేసుకున్న సూది

మా అత్తకు సూదంటే భయం లేదు. అసలు మా ఊళ్ళో సూది వేసేదే ఆమె. మనుషులకు కాదు, గొర్రెలకు. బత్తలపల్లె దాటి లోపలికి పోయే మట్టిదారి చివర మా ఊరు. పశువుల డాక్టరు అక్కడిదాకా రావాలంటే జీపులో డీజిలు ఉండాలి, ఆయనకు మనసూ ఉండాలి. రెండూ ఒకే రోజు కుదిరేవి కావు. అందుకని తొలకరికి ముందే, చిటుకురోగం తగిలి పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్ళు చాచే కాలం రాకముందే, అత్త ధర్మవరం బస్సెక్కేది. ఫ్లాస్కులో ఐసు వేయించుకుని, దాంట్లో టీకా సీసాలు పెట్టుకుని, ఎండ ముదరకముందే తిరిగొచ్చేది. సూదిని నీళ్ళలో మరగబెట్టి, గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చర్మం ఎత్తిపట్టి పొడిచేది. గొర్రె తల తిప్పి చూసేలోగా పని అయిపోయేది.

మర్నాడు మందంతా తిరిగి తడిమి చూసేది. పొడిచిన చోట వాచి, ఒళ్ళు వెచ్చబడి, గొర్రె ఒకపూట మేత మానేస్తే ఆమెకు సంతోషం. "పట్టిందిలే" అనేది. ఏమీ కానట్టు గంతులేసే గొర్రెను చూస్తేనే ఆమెకు అనుమానం. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా తమ గొర్రెలను తోలుకొచ్చి "మాదానికి పట్టిందా అక్కా?" అని అడిగేవాళ్ళు. ఆమె చేయి వేసి చెప్పిందే తీర్పు.

ఆమె మా నాయనకు అక్క. పిల్లలు లేరు. మామ పోయినాక గొర్రెలే ఆమె లోకం. మా ఇళ్ళ మధ్య ఒక్కటే గోడ. నేను అన్నం మా ఇంట్లో తిని, నిద్ర ఆమె ఇంట్లో పోయి పెరిగినదాన్ని. నా నోటి దురుసు కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉండేది ఆమె వరస.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో నేను బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా పని క్యాన్సర్ మీద. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. బయటి క్రిమి కనబడితే ఊరుకోవు. క్యాన్సర్ గడ్డ బయటినుంచి వచ్చింది కాదు, మన మాంసమే. అందుకని దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. ఆ గడ్డలోని మాంసకృత్తును రవ్వంత తీసి, కంటికి కనిపించనంత చిన్న రేణువుల్లో దాచి, ఆ కాపలా కణాలకు అందించాలి. "వీడే దొంగ, ముఖం గుర్తుపెట్టుకోండి" అని చూపించాలి. ఆ పైన పని అవే చేసుకుంటాయి. చెప్పడానికి ఇంతే. చేయబోతే కొన్ని ఎలుకల్లో గడ్డ తగ్గేది, ఎక్కువ ఎలుకల్లో తగ్గేది కాదు. ఎందుకో మా ప్రొఫెసరుకూ తెలియదు, నాకూ తెలియదు.

అత్తకు ఇదంతా చెనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పాను. ఆమె విని, "ఆ ఎలక్కు గడ్డ పెట్టేదీ మీరే, మళ్ళ మందేసేదీ మీరే. అదేం పాపం జేసిందే మీకు?" అంది. నేను నవ్వేశాను. ఆ నవ్వు నాకిప్పుడు రుచించదు.

ఆ ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు ఆమె కుడిచేత్తో కొప్పు ముడుచుకోలేకపోవడం చూశాను. ఎడమచేత్తో తంటాలు పడుతోంది. ఏమైందంటే ఏమీ లేదంది. నేను వదల్లేదు. చివరికి రవిక పక్కకు తీసి చూపించింది. రొమ్ములో చింతగింజంత కాదు, నిమ్మకాయంత గడ్డ. ఎన్నాళ్ళనుంచో దాచుకుంది. ఎలుకల్లో అలాంటి గడ్డలను రోజూ వేళ్ళతో తడిమి కొలిచేదాన్ని. అత్త గడ్డను మాత్రం కొలవకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరే అన్నారు. డాక్టరు నెమ్మదస్తుడు, మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఇంకా ఎక్కడికీ పాకలేదు, ఇప్పుడే కోసి తీసేస్తే బతికే అవకాశం బాగా ఉంది, ఆలస్యం చేస్తే మాత్రం నేను మాటివ్వలేను అన్నాడు. ఆపరేషనుకు వచ్చే నెలలో రోజు ఇచ్చాడు. నాయన ముఖం వాడిపోయింది. అత్తే తేలిగ్గా తీసుకుంది.

"కొయ్యనీలే అబ్బీ. ఈ వయసులో దాంతో నాకేం పని?" అని నాయనతో అని, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగింది. గొర్రెలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చిందట, వాళ్ళు నీళ్ళకు తోలతారో లేదోనని ఆమె దిగులు.

ఈ మధ్యలోనే ఒక పత్రిక జిల్లా పేజీలో నా గురించి వేశారు. మా కాలేజీ పాత లెక్చరరు ఒకాయన ఉత్సాహపడి చెప్పాడట. క్యాన్సర్‌కు టీకా, మన అనంతపురం అమ్మాయి ఘనత అని పెద్ద అక్షరాలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! చదివి నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేసి లెక్చరరును నాలుగు తిట్టాలనుకుని, గురువు కదా అని ఊరుకున్నాను. ఊళ్ళో మాత్రం ఆ కాగితం చేతులు మారి మారి నలిగిపోయింది. "టీకా" అన్న మాట అత్త చెవిన పడింది. మందు అని రాసుంటే ఆమె పట్టించుకునేది కాదేమో. టీకా ఆమెకు తెలిసిన సరుకు.

ఆపరేషను ఇంకా కొన్నాళ్ళుందనగా నన్ను హైదరాబాదు పంపారు. మా రేణువుల్ని అక్కడి పెద్ద సూక్ష్మదర్శినిలో చూపించుకు రావాలి. రైలు ధర్మవరం మీదుగానే పోతుంది కాబట్టి దిగి, ఒక పూట ఇంటికి పోయి అత్తను చూసి పోదామనుకున్నాను. నా చేతిలో ఐసు నింపిన ఫ్లాస్కు, దాంట్లో చిన్న చిన్న గాజు సీసాలు. మా ఇల్లు రేకుల కప్పు, నిప్పుల కుంపటిలా ఉంటుంది. అత్తది బండల మిద్దె, చల్లగా ఉంటుంది. అందుకని ఫ్లాస్కు ఆమె ఇంట్లో పెట్టాను. దాన్ని కాపాడటం నాకంటే ఆమెకే బాగా తెలుసు కూడా.

"ఇదేనా నీ టీకా?" అని అడిగింది.

"కాదత్తా. దీంట్లో మందు లేదు. రేణువులు మాత్రమే. బండి ఉంది, సరుకు ఎక్కించలేదు. కనబడటానికి రంగు కలిపినాం, అంతే."

"సరుకు లేని బండికి ఇంత ఐసు ఏమిటికే?"

ఆమె అలా అడిగితే నాకు నవ్వొచ్చింది. రంగు చెడిపోకుండా ఉండటానికని చెప్పాను. ఆమె తలాడించింది. నమ్మినప్పుడు తలాడించే తీరు అది కాదని నాకు అప్పుడే తెలియాలి. మా వైపు రేషను షాపులోనూ, విత్తనాల ఆఫీసులోనూ ఇవ్వదలచుకోని వాళ్ళు చెప్పే మాట ఒకటే, సరుకు లేదని. ఆ మాట విని విని పండిపోయిన మనిషి ఆమె.

"లోపలికి పోయినాక అవి యాడ చేరతాయి?" అంది మళ్ళీ.

"గడ్డ పక్కన. ఎలుకను కోసి చూస్తే పచ్చగా మెరుస్తా కనపడతాయి."

"కోస్తే తెలిసిపోతాదా?"

"ఎందుకు తెలీదు, బాగా తెలుస్తాది" అన్నాను. ఎలుకల గురించి అడుగుతోందనుకున్నాను.

తెల్లారి నేను లేచేసరికి ఆమె ఫ్లాస్కు మూత బిగించి, తడిగుడ్డ చుట్టి గడప దగ్గర సిద్ధంగా పెట్టింది. బస్సు దాకా తనే మోసుకొచ్చింది. ఆరోజు గాలి అప్పుడే వేడెక్కింది. దారి పొడవునా దున్నిన చేలు వానకోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. ఆమె పైట కుడివైపు బిగించి కట్టుకుని ఉంది, నొప్పికి అలా కట్టుకుందేమో అనుకున్నాను.

హైదరాబాదులో ఫ్లాస్కు తెరిస్తే ఒక సీసా తక్కువ. ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. ప్రొఫెసరుకు ఫోన్ చేశాను. ఆయన కోపం గురించి మా ల్యాబులో కథలున్నాయి. ప్రభుత్వ డబ్బుతో చేసిన సరుకు, బయటికి పోతే ఎవరు జవాబు చెబుతారు, నీ సీటు తీసేస్తాను, కావాలంటే పోలీసు కేసు పెడతాను అని కేకలేశాడు. నేను ఏడుపుతో అదే ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. లైను సరిగ్గా లేదు. నాయన ఎప్పుడూ ఫోన్లో విన్న ప్రతి మాటనూ గట్టిగా తిరిగి అంటాడు. "సీసా పోయిందా? సీటు తీసేస్తారంటనా? పోలీసు కేసా?" అని ఆయన అరవడం నాకు వినబడింది. ఆ పక్కనే మా అత్త కూర్చుని ఉందని నాకు తెలియదు.

ప్రొఫెసరు కోపం పాలపొంగు. మర్నాడే ఫోన్ చేసి, ఖాళీ రేణువులే కదా, పోతే పోయాయి, ఇంకో గిన్నెడు చేసుకుందాం అన్నాడు. అక్కడితో ఆ సంగతి తీరిపోయింది. నేనూ మరిచిపోయాను. ఇంట్లో వాళ్ళకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

తిరుగుదారిలో మళ్ళీ ఊళ్ళో దిగితే అత్త జ్వరంతో పడుకుని ఉంది. గడ్డ పైన చర్మం ఎర్రగా కమిలి వాచింది. చూడగానే నాకు విషయం అర్థమైంది.

"నువ్వేనా?"

"నేనే. గొర్రెల సూదితోనే. బాగా మరగబెట్టినాలే" అంది. కళ్ళు జ్వరానికి మెరుస్తున్నాయి. నా చెయ్యి పట్టుకుని వాపు మీద పెట్టుకుంది. "సూడు, ఎంత వేడిగా ఉందో. పట్టింది."

నేను ఆమెను ఎన్నడూ అనని మాటలు ఆ రోజు అన్నాను. బుద్ధుందా అన్నాను. అది ఉత్త బండి అని చెప్పినా వినవా అన్నాను. ఆమె నవ్వుతూ వింది. నాయన తలుపు దగ్గరేసి వచ్చి, "అక్కా, ఈ మాట యాడా అనాకు. పిల్ల కొలువు పోతాది" అన్నాడు. అత్త నవ్వు అక్కడ ఆగింది. నేను ఆయన మాట పట్టించుకోలేదు, ఆమెను బత్తలపల్లె ఆసుపత్రికి తీసుకుపోయే తొందరలో ఉన్నాను. చీముకు మందులిచ్చారు. కొన్నాళ్ళకు జ్వరం తగ్గింది, ఎరుపు తగ్గింది. ముఖంలో కళ వచ్చింది. ఆమె మళ్ళీ మంద వెంట పోతోందని నాయన సంతోషంగా ఫోన్ చేశాడు. నేను మాత్రం ఆపరేషను రోజు మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆపరేషనుకు తీసుకుపోవడానికి వచ్చిన రోజు ఆమె ఇంట్లో లేదు. గొర్రెలను తోలుకుని గుట్టకు పోయింది. ఎండలో పడి వెతుక్కుంటూ పోయాను. బండ నీడన కూర్చుని ఉంది.

"నేను రాను" అంది.

"ఎందుకు రావు?"

"పట్టింది గదా. ఇంక కోసేది ఏమిటికి?"

బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. నాయన వచ్చి చెప్పాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పారు. ఆమె గుట్టవైపు చూస్తూ అదే మాట అంది. డాక్టరును అడిగి ఇంకో రోజు తీసుకున్నాను. ఆ రోజూ రాలేదు. గడ్డ పెరిగింది. "వాపు గదా, పట్టింది" అంది. చంకలో ఇంకొకటి తేలింది. "అంతటా పట్టింది" అంది. ఊళ్ళోవాళ్ళు కొందరు ఆమెను వింతగా, కొందరు నమ్మకంగా చూశారు. ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, తన మరిదికి కూడా ఆ టీకా దొరుకుతుందా అని అడిగింది. నేను వెనుదిరిగి వచ్చేశాను. కోపంతో అత్తతో మాట్లాడటం మానేశాను.

ఆ ఏడు వాన పడలేదు. విత్తనం చెనక్కాయలు వేయించుకుని తినేసిన ఇళ్ళున్నాయి. దుమ్ము లేచి మధ్యాహ్నమే సూర్యుడు మసకబారేవాడు. మేత లేక జనం మందలను అమ్ముకున్నారు. అత్త మాత్రం అమ్మలేదు. గడ్డ పగిలి రసి కారుతున్నా గుడ్డ అడ్డుపెట్టుకుని మంద వెంట పోయేదని నాయన చెప్పేవాడు. వింటూ నేను ఫోన్ ఇటు చెవినుంచి అటు చెవికి మార్చుకునేదాన్ని. ల్యాబులో నా ఎలుకల గడ్డలు కొలవాల్సిన రోజులవి. వాటి ఒంటిమీద చేయి వేస్తే ఎక్కడ లేని దుఃఖం వచ్చేది.

చలికాలంలో ఆమె నడుము వంగిపోయింది. దగ్గు పట్టుకుంది. దారిలో కూర్చుండిపోతే గొర్రెలే తిరిగి ఇంటికొచ్చాయట. ఈసారి నాయన బస్సెక్కిస్తే ఎక్కింది. నేను బెంగుళూరు బస్టాండులో చూసి గుర్తుపట్టలేదు. నా అత్త సగమైపోయింది.

అదే డాక్టరు. ఎక్సురేలు, స్కానింగు తీయించాడు. "ఆ రోజే వచ్చుంటే బాగుండేది కదమ్మా, ఎందుకు రాలేదు?" అని ఆమెను అడిగాడు. ఆమె నావైపొకసారి చూసి తలదించుకుంది. నన్ను గదిలోకి పిలిచి, ఎముకల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోయిందని, ఇప్పుడు కోసి లాభం లేదని, నొప్పి తెలియకుండా మందులిస్తానని అన్నాడు.

బయట వరండాలో బల్లమీద ఆమె పక్కన కూర్చున్నాను. నాయన కాఫీ తేవడానికి పోయాడు. మధ్యాహ్నం ఎండ గచ్చు మీద పడుతోంది. చాలా నెలల తర్వాత మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"డాక్టరు కనిపెట్టినాడా?"

"ఏమి కనిపెట్టేది?"

"సూది సంగతి. లోపల ఫోటోలు తీసినారు గదా. పచ్చగా ఏమన్నా కనపడిందంటనా?"

నాకు అర్థం కాలేదు. ఆమె ముఖంలోకి చూశాను. నిజంగా భయం ఉంది ఆ ముఖంలో, తన గురించి కాదు.

"కోస్తే తెలిసిపోతాదని నువ్వే అంటివి గదా పాపా. సీటు పోతాది, పోలీసోళ్ళు వస్తారు అని ఫోన్లో ఏడిస్తివి. మీ నాయన గూడా యాడా అనొద్దనె. నన్ను కోసి, ఆ దొంగసరుకు నా ఒంట్లో దొరికితే నీ బతుకేం గావాల?"

"మరి పట్టింది, పట్టింది అంటివి గదత్తా" అన్నాను.

"పట్టలేదని నాకు తెలీదా? ఇన్నేండ్లుగా సూదులేసిన దాన్ని. గొర్రెకు ఆ వాపు నాల్గు దినాలకు దిగుతాది. ఇది దిగలా. అట్ల అనకుంటే మీరు నన్ను ఊరకుండనిస్తిరా?"

నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. ఆమె మీద, నామీద, ఆ ప్రొఫెసరు మీద, అన్నిటిమీదా. ప్రొఫెసరు ఆ మర్నాడే మరిచిపోయాడని చెప్పాను. ఆ రేణువులు ఒంట్లో నిలవవని చెప్పాను. కడుపు లోపల వేసే కుట్ల దారం తనంతట తానే కరిగిపోతుంది కదా, మా రేణువులు చేసేది ఆ దారం చేసే పదార్థంతోనే, కొన్ని వారాలకు ఆనవాలు కూడా మిగలదని చెప్పాను. ఎవరు కోసినా, ఎంత వెతికినా ఏమీ దొరికేది కాదని చెప్పాను. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉన్నాను.

ఆమె అంతా వింది.

"కరిగిపోయినాయా?"

"ఎప్పుడో కరిగిపోయినాయి అత్తా."

ఆమె ఊపిరి వదిలింది. బరువు దించుకున్న మనిషిలా వెనక్కి గోడకానుకుంది. తర్వాత కుడిచేయి లేవక, ఎడమచేత్తో పైట సర్దుకుని, నా భుజం తట్టింది.

"అయితే ఇంక భయం లేదు. పో, నేను ఒప్పుకున్నానని చెప్పు డాక్టరుకు. ఈపొద్దే కోయమను."